నడుమెత్తే చోటు

ఊళ్లో నాట్లేసే యంత్రాలన్నీ పాడుకునే పాట తనదేనని చెప్పడానికి నూకరత్నం పొద్దున్నే సచివాలయం మెట్లెక్కింది. వెనకటికి అచ్చేసినవాడిదే పుస్తకమట. అలాగే ఇన్నాళ్లూ ముందు రికార్డు చేసుకున్న కంపెనీదే పాట. కొత్త చట్టమొచ్చి, కట్టినవాళ్లదే పాట అంది. ఇక పాట ముగిసిన ప్రతిసారీ యంత్రం వాళ్ల పేరు చెప్పి తీరాలి.

"సాక్ష్యం ఏముందండి?" అంది గోడలోంచి పాటల రిజిస్ట్రారు. అది మనిషి కాదు, వట్టి గొంతు.

"కాగితం లేదండి. నాట్లేస్తా కట్టాను. నాతో పాడినోళ్లు ఒక్కరూ మిగల్లేదు."

"మూడో చరణం తర్వాత పాట ఏడు సెకన్లు ఆగుతుంది. ఎందుకు? వినడానికి హాయిగా ఉంటుందని కంపెనీ రాసింది."

నూకరత్నానికి నవ్వాగలేదు. "హాయేంటండి! చేతిలో నారుకట్ట అక్కడికి అయిపోద్ది. నడుమెత్తి ఇంకో కట్ట అందుకునేదాకా నోట్లోంచి మాట రాదు."

గొంతు కంపెనీ పేరు కొట్టేసింది. "మీ పేరున రాశానండి" అంది.

తిరిగొస్తుంటే చేలో యంత్రం పాడుతోంది. మూడో చరణం అయింది. నడుమే లేని యంత్రం ఏడు సెకన్లు నోరు మూసుకుని నాట్లేసుకుంటూ పోయింది. గట్టు మీద నూకరత్నం మాత్రం, తనకే తెలియకుండా, రెండు చేతులూ నడుముకు ఆనించి నిటారుగా నిలబడింది.

పాట ముగిసింది. "కట్టింది కాకర నూకరత్నం" అంది యంత్రం, చేలన్నిటికీ వినపడేలా.

"మళ్లీ మొదట్నించి పాడవే" అందామె.