పసుపు చుక్క

పిల్లల్ని బడిలో దింపి వచ్చి వ్యాను ఆపీ ఆపగానే, ఎవరో ముసలాయన ముందు చక్రం పక్కన చతికిలబడ్డాడు.

"ఏమయ్యోయ్! ఏం పారేసుకున్నావక్కడ?" అంటూ దిగింది వ్యానమ్మ. ఆ పేరు బడి పిల్లలు పెట్టిందే.

"దీని బ్రేకు పైపులో లోపముందమ్మా. కంపెనీవాళ్లు ఈ రకం బళ్లన్నీ వెనక్కి పిలిచి ఊరికే మార్చి ఇస్తున్నారు. ఉత్తరం రాలేదా?"

రాలేదు. ఎలా వస్తుంది? పన్నెండేళ్ల నాటి ఈ పాత బండి కొని మూడేళ్లయినా కాగితాలింకా పాతాయన పేరు మీదే ఉన్నాయి. రేపు మారుద్దాం, ఎల్లుండి మారుద్దాం అంటూ బద్ధకించింది.

"నా ఇల్లెవరు చూపించారు?"

"బండి పాత ఓనరుగారు."

అమ్మేసిన బండి మీద ఆయనకు మళ్లీ కన్ను పడిందన్నమాట!

"నువ్వు కంపెనీ మనిషివా?"

"ఇదివరకు. ఇప్పుడు రిటైరయ్యాను."

"రిటైరైనవాడికి నా బండితో ఏం పని?"

ఆయన చక్రం వెనక చెయ్యి దూర్చి, బొటనవేలితో మట్టి రుద్ది, తొంగి చూశాడు. "ఇదే" అని గొణిగి కళ్లు మూసుకున్నాడు.

"సర్వీసు సెంటరుకు తీసుకెళ్లండమ్మా. కుదరదంటే సామాను తెచ్చి నేనే మారుస్తాను. అంతదాకా పిల్లలతో బడి దారిలోని ఆ వాలు రోడ్డు దిగకండి."

"నేను ఏ రోడ్డు దిగుతానో కూడా కనిపెట్టావూ? నడు, నడు!"

వీధి చివర మెకానిక్ షెడ్డున్న మరిదిని అడిగింది.

"ఊరికే చేస్తానన్నాడా? అయితే ముమ్మాటికీ దొంగే వదినా" అని తేల్చేశాడతను. లేచి వచ్చి బ్రేకు ఒక్కసారి తొక్కి, "రాయిలా గట్టిగానే ఉంది" అన్నాడు. చక్రం వెనక్కి మాత్రం వంగి చూడలేదు.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. వ్యానమ్మ తలుపు తియ్యలేదు.

మూడో రోజు ఎదురుగా నిలబడి, బండెక్కే పిల్లల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి, వ్యాను కింద నుంచి రెండు కాళ్లు!

"దొంగ! దొంగ!"

"అయిపోయిందమ్మా, ఒక్క నిమిషం..."

"నా బండి విప్పుకుపోదామనుకున్నావా?"

గొడుగు తిరగేసి రెండు తగిలించింది. జనం మూగారు. కళ్లజోడు ఎవరి కాలి కిందో పటుక్కుమంది. ముసలాయన గోడ తడుముకుంటూ, కుంటుకుంటూ కదిలాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఇక భయం లేదమ్మా" అన్నాడు.

ఎంత పొగరు!

"ఏం పీక్కుపోయాడో చూడవయ్యా" అని, గోల విని వచ్చిన మరిదిని బండి కిందికి తోసింది.

అతను ఎంతసేపటికీ పైకి రాలేదు.

"ఏం పోయింది?"

"ఏమీ పోలేదు వదినా. కొత్త పైపు వచ్చింది."

కింద పడి ఉన్న పాత పైపు తీసి వంచి చూపించాడు. రబ్బరు పగుళ్లిచ్చి, ఆయిలు చెమ్మగిల్లుతోంది.

"ఇది వారం కూడా ఆగేది కాదు. ఆ వాలులో గనక..."

పదకొండుమంది పిల్లలు. ముందు సీట్లో రోజూ కాళ్లూపుకుంటూ కూర్చునేది ఆమె మనవరాలే.

వ్యానమ్మ వీధి మలుపు దాకా పరుగెత్తింది. ఎవరూ లేరు. కళ్లజోడు ముక్కలు ఏరుకుని తిరిగొచ్చింది.

"ఈ పసుపు చుక్కేమిటి?" కొత్త బోల్టు చూపించి అడిగింది.

"కంపెనీల్లో పద్ధతి వదినా. బోల్టు బిగించినవాడు, దీనికి పూచీ నాది అని పెయింటు పెడతాడు. ఎవరి చెయ్యి వాళ్లది, సంతకంలాగే."

తడి ఆరని ఆ చుక్కకు ఎడమవైపు వంకరగా చిన్న తోక ఉంది.

వ్యానమ్మ పాత పైపు ఒళ్లో పెట్టుకుని, దాని బోల్టు మీది మట్టిని బొటనవేలితో రుద్దింది.

పన్నెండేళ్ల మురికి కింద, వెలిసిపోయి, అదే వంకర తోకతో అదే చుక్క ఉంది.