చూశాను, వస్తాను

కాలేజీలో ఏ కబురైనా ఆఫీసు క్లర్కమ్మ టైపు చేసి బోర్డుకు అంటించాల్సిందే. చదివినవాళ్లు కింద సంతకం పెట్టాలి. కొత్తగా టైపు చేసే ఓపిక లేక క్లర్కమ్మ ఎప్పుడూ పాత నోటీసులోనే పేరూ తేదీ మార్చేస్తుంది.

ఆ రాత్రి వార్షికోత్సవం పనులు ముగించి, మేడ మీది హాలుకు తాళం వేసి కిందికొచ్చి, బోర్డు చూసి నాలుక కరుచుకుంది. అది రేపటి లైబ్రేరియన్ వీడ్కోలు సభ నోటీసు. పేరైతే మారింది గానీ, పోయిన వారం ల్యాబ్ అసిస్టెంటు చనిపోయినప్పటి "సంతాప సభ" అన్న మాట పైన అలాగే ఉండిపోయింది.

"కొంప మునిగింది! లైబ్రేరియన్ అక్క చూస్తే తోలు తీస్తుంది" అనుకుంటూ కాగితం పీకబోయింది.

కింద అప్పటికే ఒక సంతకం ఉంది. పక్కనే "చూశాను, వస్తాను" అని ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది. ఆ సిరా వాడింది కాలేజీ మొత్తమ్మీద ల్యాబ్ అసిస్టెంటు ఒక్కడే.

వెంటనే లైబ్రేరియన్‌కు ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఇంకా ఇంటికెళ్లలేదా?"

ఆ గొంతు వినగానే క్లర్కమ్మకు ప్రాణం లేచొచ్చింది. "అక్కా, ఒంట్లో బాగానే ఉందా?"

"సాయంత్రం గుండెల్లో నొప్పొచ్చింది గానీ, ఇప్పుడు హాయిగా ఉందే. హాల్లో బల్లలు సర్దుతున్నాం. ఇతను ఒక కొస పట్టుకుంటే నేనొక కొస."

"ఇతనంటే... ఎవరక్కా?"

క్లర్కమ్మ తలెత్తి పైకి చూసింది. హాలు తాళంచెవి తన గుప్పిట్లోనే ఉంది. నెత్తి మీద, ఆ హాల్లో, బరువైన బల్ల ఏదో రెండు కొసలూ ఒక్కసారే నేలకు ఆనింది.