మైకులో పిలుపు

రెండు రోజుల విహారయాత్రకై ప్రాచీన నగరానికి విచ్చేసిన దంపతులలో, భర్త కోట లోపల తప్పిపోయినట్లు భార్య విచారణ కార్యాలయంలో ఫిర్యాదు చేసింది. బస్సు బయలుదేరబోతోంది.

"మీవారి పేరేంటమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఆయన పేరు నా నోటెంట రాదు బాబూ. ఆ మైకిలా ఇవ్వండి." పుచ్చుకుని పిలిచింది. "ఏవండీ, ఎక్కడున్నారు?"

కోట నలుమూలల నుంచి భర్తలు పరుగున వచ్చి, ఏం తప్పు చేశామోనన్న ముఖాలతో బారులు తీరారు. ఆమె ఒక్కొక్కరినీ క్షుణ్ణంగా పరిశీలించి, తన భర్త వారిలో లేడని ధ్రువీకరించింది.

అప్పుడు స్తంభం చాటునుంచి ఆయన ఊడిపడ్డాడు.

"అందరికంటే ముందే వచ్చానే. వీళ్లను చూశాక మనసు మార్చుకుంటావేమోనని ఆగాను."

"మార్చుకుందామనేగా వరుసంతా రెండుసార్లు చూశాను," అంది. "అందరూ మీలాగే ఉన్నారు. పదండి."