తోడు మూట

"మళ్లీ నల్లబూజే, అమ్మగారూ!"

ఇంటి పాత పనివాడు కిహే తాత పళ్లెం విసురుగా దించాడు. ఉడికించి ఆరబెట్టిన బియ్యం మసి పూసినట్టుంది.

సావా పళ్లెం మీదికి వంగి చూసింది. బియ్యానికి తెల్లబూజు పడితేనే, సోయా గింజలతో కలిపి మిసో ముద్ద తయారవుతుంది. పాలకు తోడులా దానికీ అసలు బూజు తోడు వేయాలి. తరతరాలుగా ఆ తోడు తోయామా ఊరి నుంచి వచ్చేది. మొన్న వేసవిలో బాంబులు పడి, తోడు చేసే ఇల్లు మనుషులతో సహా కాలిపోయిందన్నారు. ఈ చలికాలం మిసో కలపకపోతే, యుద్ధంలో పోయిన భర్త అప్పగించిన మిసో ఇల్లు మూతపడుతుంది.

గడపలో ఎవరో దగ్గారు.

బిచ్చగాడిలా ఉన్నాడు. మొహం కాలి ముడుచుకుపోయింది. ఒంట్లో ఎముకలే మిగిలాయి. చొక్కాలోంచి మూట తీసి చాచాడు.

"అమ్మగారూ... మీ వాటా... తెచ్చాను." గొంతులో మాట లేదు, గాలే.

విప్పితే బియ్యం. నిండా ఆకుపచ్చ బూజు.

"నీ దగ్గర నాకు వాటా ఏంటయ్యా! కుళ్లిన బియ్యం అంటగట్టి మంచి బియ్యం పట్టుకుపోదామనా?"

"కాదమ్మా... ఒక్కసారి..."

"మిసో ఇంటికి బయటి బూజు తెస్తావా? మా కొంప ముంచడానికి నువ్వొక్కడివే తక్కువ! నడు!"

దగ్గు తెర అతన్ని మాట్లాడనివ్వలేదు. కిహే తలుపేశాడు.

పరాయి బూజును బయట పారేయకూడదు, కాల్చేయాలి. అది ఆ ఇంటి కట్టడి. సావా మూటను పొయ్యిలో పడేసింది.

తెల్లారి పోస్ట్‌మ్యాన్ కబురు చెప్పాడు.

"స్టేషన్ మెట్ల మీద ఎవడో కాలినమొహం వాడు పోయాడండీ. ఆకలి చావు. కడుపు వీపుకి అంటుకుపోయింది."

సావా గుక్కెడు గంజైనా పొయ్యలేకపోయానే అని కుమిలిపోయింది.

"అమ్మగారూ, ఇలా రండి."

మూట విప్పినప్పుడు రాలిన గింజనొకదాన్ని కిహే సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఇంట్లోకి ఏ పాడు బూజు చొరబడిందో చూద్దామని.

సావా వంగి చూసింది. సన్నటి కాడలు, వాటి చివర గుండ్రటి పూలలా బూజు. ఆమెకు బాగా తెలిసిన పూలే. గింజ చుట్టూ పల్చగా బూడిద.

"కామెలియా ఆకుల బూడిద, తోడు చెడకుండా వాళ్లు కలిపేది," అన్నాడు కిహే. "ఇది తోయామా తోడే, తెల్లబూజు ముదిరి పచ్చబడింది. ఎప్పుడూ పొట్లంలో పొడిగా వచ్చేది, గింజల మీద మనమెప్పుడు చూశామమ్మా! ఆ ఇంటివాళ్ల చేతికి తప్ప ఇది దొరకదు."

"మరి అంత ఆకలితో ఒక్క గింజైనా తినలేదేం తాతా?"

 సావా పొయ్యి వైపు చూసింది. ఏటా ఆకులు రాలే కాలంలో ఆ పొయ్యి పక్కనే కూర్చుని టీ తాగి, "అమ్మగారూ, మీ వాటా తెచ్చాను" అని నవ్వుతూ పొట్లం చేతిలో పెట్టే తోడింటి అబ్బాయి యసుకిచిని, నిన్న ఆమె గెంటేసింది.