సందులో ఎవరూ లేని ఆదివారం

ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఒక అపరిచితుడు సందు మొదట్లో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మెడలో కెమెరా. కాళ్ల దగ్గర టేపు చుట్ట.

సందులోని ఇళ్లు పడగొట్టి పెద్ద రోడ్డు వేస్తారని చెప్పుకుంటున్న రోజులవి.

మొదట చూసింది టైలరమ్మ. ఆమె కుట్టుమిషను అరుగు మీదే ఉంటుంది.

"ఎవరికోసం బాబూ?"

"ఎవరికోసమూ కాదమ్మా. ఊరికే చూద్దామని."

"ఊరికే చూడ్డానికి టేపెందుకో!"

ఆయన నవ్వాడు.

టైలరమ్మ ఎదురుగా ఉన్న సైకిల్ షాపు బాబాయి దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, కొలతలవాడు దిగాడు."

"రద్దీ లెక్కెయ్యడానికొచ్చుంటాడే అమ్మాయ్. మనుషులు కిటకిటలాడితే సందు ఇరుకంటాడు. ఆ తర్వాత గునపాలు దిగుతాయి."

"మరేం చేద్దాం?"

"రద్దీ లేకుండా చేద్దాం. ఎవర్నీ గడప దాటొద్దను."

మాట ఇంటింటికీ పాకింది. మిషను లోపలికి వెళ్లింది. షాపు షట్టరు దిగింది. కుళాయి దగ్గర బిందెలు లేవు. పిల్లల అరుపులు లేవు.

మధ్యాహ్నం ఆయన టైలరమ్మ తలుపు తట్టాడు.

"సాయంత్రమైనా జనం బయట కూర్చుంటారా అమ్మా? పిల్లలు ఆడుకుంటారా?"

"ఇక్కడెవరుంటారు బాబూ! రావడం పోవడం అంతా వెనక రోడ్డునే."

"అరుగులు బాగా అరిగాయే?"

లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "మేమూ అరిగాం. మమ్మల్నీ కొలుస్తావా నాయనా?"

చీకటి పడేదాకా ఉండి ఆయన కుర్చీ మడిచాడు.

"పీడ విరగడైంది" అన్నాడు బాబాయి. ఆ రాత్రి సందంతా అరుగుల మీదే భోంచేసింది.

మంగళవారం ఇళ్లు ఖాళీ చెయ్యమని నోటీసులు వచ్చాయి.

టైలరమ్మ, బాబాయి మున్సిపల్ ఆఫీసుకు పరుగెత్తారు.

"రద్దీ లేదని మీ మనిషి చెప్పలేదాండీ?" టైలరమ్మ అడిగింది.

ప్లానింగ్ అధికారి తలెత్తాడు. "మేమెవర్నీ పంపలేదే."

"కెమెరా, టేపు, మడత కుర్చీ..."

"ఓ, ఆర్కిటెక్టుగారా! ఎక్కడికెళ్లినా ఎందుకొచ్చారో చెప్పరు. చెబితే జనం నటిస్తారట."

బాబాయి నేల చూపులు చూశాడు.

"ఆయనేమన్నారండీ?" టైలరమ్మ అడిగింది.

"ఆ సందే వాళ్లకి ముంగిలి, బతుకంతా అక్కడే, రోడ్డు వెనకనుంచి వెయ్యండని ఏడాదిగా మాతో పోట్లాడింది ఆయనొక్కరే. ఒక రోజు కూర్చుని, కళ్లారా చూసొచ్చి చెప్పమన్నాం."

నోటీసులకు ముందు రోజే, అభ్యంతరాల గడువు ముగిసే సోమవారం, చూడనిది చూశానని చెప్పలేనంటూ ఆర్కిటెక్టు తన అభ్యంతరాన్ని వెనక్కి తీసుకున్నాడు.