బీడులో కోలా

ఆస్ట్రేలియా అడవులు కాలిపోయాక, అక్కడ మిగిలిన కోలాలను, జామాయిల్ ఆకే తిండిగా చెట్ల మీద బతికే ఆ జంతువులను, ఆ చెట్లున్న దేశదేశాల మేత పొలాలకు పంచారు. అనంతపురం పక్క ఓబుళమ్మ గొర్రెల బీడుకూ ఒకటి వచ్చింది. గొర్రెల్ని మెడకు కట్టిన యంత్రాలే మేపి దొడ్డికి చేరుస్తున్నాయి గనుక, ఓబుళమ్మకు మిగిలిన పనల్లా నీడకు పెంచిన జామాయిల్ చెట్లకు నీళ్లు పెట్టడం, వాటి మీది కోలాను కనిపెట్టుకుని ఉండడం.

ఆ ఎండాకాలం అది పొద్దస్తమానం గుర్రుగుర్రుమని అరవసాగింది. ఆడతోడు కోసమని ఆమెకు అర్థమైంది. బదులు పలికే ప్రాణి ఆ చుట్టుపక్కల లేదు. వినలేక, పొరుగు బీడు బసన్నకు ఫోను చేసింది.

"బసన్నా, మీ కాడ ఆడ కోలా ఉందా?"

"ఉందిక్కా. అదీ దిగులుగానే ఉంటాది."

"అట్లయితే దీన్ని తెచ్చి ఇడుస్తా."

"మరి నీకు తోడు?"

"నాదేముందిలేప్పా."

బండిలో తీసుకెళ్లి చెట్టు మొదట్లో వదిలితే, అది వెనక్కి చూడకుండా ఎక్కిపోయింది. ఓబుళమ్మ చాలాసేపు పైకి చూస్తూ నిలబడింది.

"తిని పోక్కా," అన్నాడు బసన్న, సంగటి వడ్డిస్తూ.

ఎదుట మనిషి కూర్చుని ఉండగా తిని ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. సంగటి త్వరగా అయిపోకుండా, చిన్న చిన్న తుంపులు చేసుకుని తినసాగింది.