ఏ పనికి ఏది?

"లోగోని ఎవరైనా ఫోటోల సాఫ్ట్‌వేర్‌లో చేస్తారా? ఏదీ, ఇలా ఇవ్వండి!" అంటూ కళ్లజోడాయన చేతిలోని పెన్‌డ్రైవ్‌ని లాక్కున్నంత పని చేసింది డిజైనరమ్మ.

వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కౌంటర్లో పిన్ని. ఆమె రాజ్యమంతా ఇంతే. కానీ ఆ కుర్చీలో కూర్చుందంటే మాత్రం మహారాణే. ఎవరి సలహా అడగదు, ఎవరికైనా సలహా ఇస్తుంది.

తెర మీద భూతద్దం బొమ్మ ఉన్న లోగో కనిపించింది. దాన్ని పెద్దది చేసేసరికి అంచులన్నీ గళ్లు గళ్లుగా చెదిరిపోయాయి.

"చూశారా? ఇది చుక్కలతో కట్టిన బొమ్మ. చిన్న కార్డు మీద బుద్ధిగానే ఉంటుంది, బోర్డు మీదకి ఎక్కిస్తే మీ పరువు తీస్తుంది. లోగోని గీతల సాఫ్ట్‌వేర్‌లోనే గీయాలి. గోడంత పెంచినా చెక్కుచెదరదు. ఇంతకీ మీది కళ్లద్దాల వ్యాపారమా?"

"దాదాపు అలాంటిదే. సరిగ్గా చూడటమే మా పని" అని నవ్వాడాయన. "మరి ఫోటోల సాఫ్ట్‌వేర్ దేనికండీ?"

"ఫోటోలకే! మొహం మీద మచ్చ తీసెయ్యాలన్నా, వెనకాల గోడ మార్చాలన్నా దాన్ని మించింది లేదు."

"మా విభాగం గురించి ఓ చిన్న పుస్తకం వెయ్యాలంటే?"

"దానికి పేజీల సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. మధ్యలో ఓ పేరా పెరిగిందనుకోండి, మిగతా పేజీలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. అదే గీతల దాంట్లో చేస్తే ఒక్కో పేజీ చేత్తో జరుపుకుంటూ కూర్చోవాలి."

"మూడూ మీ దగ్గరే ఉన్నాయా?"

"రెండు కంప్యూటర్లలోనూ ఉన్నాయి. అన్నీ కొత్తవే. మెయిన్ రోడ్డు స్టూడియో వాళ్లు పాపం ఒక్కటి కొనుక్కుని, అన్ని పనులూ దాంతోనే లాగిస్తారు."

ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. అది చూసి డిజైనరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఈమధ్య జనం కార్డులూ పోస్టర్లూ ఫోనుల్లోనే చేసేసుకుంటున్నారు. పని ఇలాగే తగ్గితే ఒక కంప్యూటర్ అమ్మేయక తప్పదు. ఈయన కంపెనీ పని ఏడాదంతా తనకే వస్తే, అమ్మడం మాట అటుంచి, పక్క గది కూడా తీసుకోవచ్చు. ఆయన రావడం ఇది మూడోసారి. ఆశ పెట్టుకోవడంలో తప్పేముంది?

ఆయన ఫోను మోగితే మాట్లాడటానికి గుమ్మం బయటికి వెళ్లాడు. పిన్ని గబగబా వచ్చి చెవిలో గొణిగింది.

"అమ్మాయ్, పని మీద వచ్చినవాడు ఇన్ని ప్రశ్నలు వెయ్యడే. పోయినసారి నువ్వు లేనప్పుడు, కొట్టు ఎవరి పేరు మీదుందని అడిగాడు. మీ వాళ్లెవరెవరు పనిచేస్తారని కూడా అడిగాడు. నాకెందుకో పెళ్లిచూపుల్లా ఉంది."

"నీకు కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా పెళ్లికొడుకులాగే కనిపిస్తాడు పిన్నీ. వెళ్లి కూర్చో."

అన్నదే కానీ, జారిన జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది.

ఆయన లోపలికి వచ్చాడు. "ఇన్ని సాఫ్ట్‌వేర్లూ మీరే ఎక్కించారా మేడం?"

"మా తమ్ముడు. ఒక్క మధ్యాహ్నంలో అన్నీ పెట్టేశాడు. వాడి చెయ్యి పడితే మొరాయించే కంప్యూటర్ లేదు."

"బంగారంలాంటి పిల్లాడు బాబూ. అక్క పెళ్లయ్యాకే వాడి పెళ్లి అంటున్నాడు" అని పిన్ని కౌంటర్లోంచి అందించింది.

డిజైనరమ్మ గిర్రున తిరిగి చూసింది. పిన్ని రసీదుల పుస్తకం వెనక దాక్కుంది.

"మెయిల్ పంపుతానంటే మీ పిన్నిగారు తన ఫోనుకే పంపమన్నారు. కంప్యూటర్లకి నెట్ లేదా?"

"ఉంటే పని సాగదండీ. ఈ సాఫ్ట్‌వేర్లు ఊరికే ఏదో నంబరు కొట్టమని గుర్తుచేస్తూ అడ్డం పడుతుంటాయి. తమ్ముడే తీసేయమన్నాడు."

"తెలివైనవాడు" అన్నాడాయన మనస్ఫూర్తిగా. "మేడం, ఏ పనికి ఏ సాఫ్ట్‌వేరో మీకు తెలిసినంతగా ఈ వీధిలో ఎవరికీ తెలీదు. మీ కొట్టు గురించి ఇవాళే మా పైవాళ్లకి రాస్తాను."

ఆమె గుండె గంతులేసింది. పక్క గదిలో మూడో కంప్యూటర్ ఏ మూల పెట్టాలో కూడా తేలిపోయింది.

"ఇంకో చిన్న పని. నాకో విజిటింగ్ కార్డు కావాలి."

"దానికీ గీతల సాఫ్ట్‌వేరే. అక్షరాల అంచులు కత్తిలా వస్తాయి. మీ ఎదురుగానే చేసిస్తాను, చూడండి."

భూతద్దాన్ని మళ్లీ నున్నగా గీసి మూలన పెట్టింది. ఆయన పేరు చెబితే లావు అక్షరాల్లో కొట్టింది. దాని కింద ఖాళీ గీత దగ్గర ఆగి, ఆయన వైపు తిరిగి నవ్వింది.

"హోదా దగ్గర ఏం వెయ్యమంటారు?"

"దొంగ సాఫ్ట్‌వేర్ల తనిఖీ అధికారి."